రాత్రి మూడింటికి గేజ్ గ్లాసు: మనిషి పొరపాటును లెక్కగట్టే పనిముట్ల గురించి వాడినవాళ్లు చెప్పేది

జూన్ నెలాఖరు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. సీజన్ కొద్ది వారాలే కాబట్టి రాత్రి షిఫ్టులు తప్పవు. గుజ్జును వేడిచేయాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంటు కావాలి. అలాంటి ఒక ఫ్యాక్టరీని ఊహించుకుందాం. రాత్రి మూడు గంటలు. అటెండెంటు గేజ్ గ్లాసు (బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజు గొట్టం) వైపు చూస్తే నీటి గీత కనబడలేదు.

గీత కనబడలేదంటే నీళ్లు లేవనే అనుకోనక్కర్లేదు. బాయిలర్‌లో నీళ్లు మరీ ఎక్కువై గ్లాసు పైదాకా నిండినా గీత కనబడదు. మరీ తక్కువై గ్లాసు ఖాళీ అయినా కనబడదు. మసక వెలుతురులో నిండు గ్లాసూ ఖాళీ గ్లాసూ ఒకేలా ఉంటాయి. గ్లాసు కిందున్న కాక్, అంటే చిన్న కుళాయి, తిప్పి చూస్తేగానీ ఏదో తేలదు. ఖాళీ అని తేలితే వెంటనే మంట ఆపాలి, నీళ్లు పెట్టే ఫీడ్ పంపు జోలికి వెళ్లకూడదు. నీళ్లు తగ్గితే నీళ్లు పెట్టాలనిపించడం ఎవరికైనా సహజమే. కానీ ఎర్రగా కాలిన ట్యూబుల మీద చల్లటి నీళ్లు పడితే బాయిలరే పేలిపోవచ్చు.

ఈ అటెండెంటు ఆ క్షణంలో తప్పు చేసే అవకాశం ఎంత? వందలో రెండా, పదిలో రెండా, మూడింట రెండు వంతులా?

ప్రశ్న వింతగా అనిపించవచ్చు గానీ అణు విద్యుత్ కేంద్రాల భద్రత చూసేవాళ్లకు ఇది రోజువారీ పని. పంపు ఎన్నిసార్లు మొరాయిస్తుంది, డీజిల్ జనరేటర్ ఎన్నిసార్లు స్టార్ట్ కాదు అని లెక్క వేసినట్టే, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషి ఎన్నిసార్లు పొరబడతాడో కూడా లెక్క వేస్తారు. ఆ పనిని హ్యూమన్ రిలయబిలిటీ ఎనాలిసిస్ అంటారు, పొట్టిగా హెచ్‌ఆర్‌ఏ. దీనికోసం పట్టికలు, ఫారాలు, సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని వాడే ఇంజినీర్లు వాటి గురించి ఏం చెబుతున్నారన్నదే ఇక్కడి విషయం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో అణు కేంద్రం లేదు. దగ్గరున్నది తమిళనాడులోని కల్పాక్కం. మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. అక్కడి లెక్కను పట్టుకోవడానికి గుజ్జు ఫ్యాక్టరీ బాయిలర్ సరిపోతుంది. ఎందుకంటే అణు రంగాన్ని కుదిపేసిన ప్రమాదం కూడా నీటిమట్టాన్ని తప్పుగా అర్థం చేసుకోవడంతోనే పెద్దదైంది.

1979 మార్చి 28 తెల్లవారుజామున నాలుగు గంటలకు అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రం రెండో యూనిట్‌లో, ఒత్తిడి పెరిగితే ఆవిరిని వదిలే ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుంది. ఒత్తిడి తగ్గాక మూసుకోవాల్సింది మూసుకోలేదు. కంట్రోల్ ప్యానెల్ మీద దానికొక దీపం ఉంది. అది ఆరిపోయింది కాబట్టి వాల్వు మూసుకుందని ఆపరేటర్లు అనుకున్నారు. నిజానికి ఆ దీపం చూపించేది వాల్వును కాదు, వాల్వుకు వెళ్లిన ఆదేశాన్ని. ‘మూసుకో’ అని సిగ్నల్ వెళ్లింది, దీపం ఆరింది, వాల్వు మాత్రం తెరిచే ఉంది. ఈలోగా రియాక్టర్ నీళ్ల ఒత్తిడిని నిలిపి ఉంచే ట్యాంకు, ప్రెషరైజర్‌లో నీటిమట్టం పెరుగుతున్నట్టు కనిపించింది. ఆ ట్యాంకు పూర్తిగా నిండనివ్వకూడదని వాళ్లకు శిక్షణలో నూరిపోశారు. అందుకని అత్యవసరంగా లోపలికి వస్తున్న నీళ్లను వాళ్లే తగ్గించారు. మొదటి కొన్ని నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అదే దారిని మూసేయగల ఇంకో వాల్వును (బ్లాక్ వాల్వు) మూసేసరికి రెండు గంటలు దాటింది. అణు ఇంధనం ఉండే కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది.

మన అటెండెంటు నీళ్లు పెట్టి చెడగొట్టేవాడు. వాళ్లు నీళ్లు ఆపి చెడగొట్టారు. రెండుచోట్లా మనిషి నేర్చుకున్నదాని ప్రకారం, కళ్లకు కనబడినదాని ప్రకారమే నడిచాడు.

లెక్కగట్టే ప్రయత్నం ఆ ప్రమాదానికి ముందే మొదలైంది. ఎంఐటీ ప్రొఫెసర్ నార్మన్ రాస్ముసెన్ నాయకత్వంలో 1975లో వచ్చిన రియాక్టర్ భద్రతా అధ్యయనంలో మనిషి పొరపాట్లకు సంఖ్యలు ఇచ్చారు. ఆ సంఖ్యల వెనక శాండియా ప్రయోగశాలకు చెందిన అలన్ స్వెయిన్ పని ఉంది. ఆయన, గుట్‌మన్ కలిసి 1983లో ‘థెర్ప్’ పద్ధతిని పెద్ద చేతిపుస్తకంగా తెచ్చారు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కో మెట్టుకు పట్టికలోంచి ఒక సంఖ్య ఏరుకునే పద్ధతి అది. పద్ధతిగా ఉంటుంది, కానీ వారాలు పడుతుంది. బ్రిటన్‌లో జెరెమీ విలియమ్స్ 1980ల్లో ‘హార్ట్’ అనే తేలికైన దారి చూపించాడు. అమెరికా నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ కోసం ఐడహో ప్రయోగశాల 2005లో తెచ్చిన ‘స్పార్-హెచ్’ ఇంకా తేలిక. కొద్ది పేజీల ఫారం నింపితే సంఖ్య చేతికొస్తుంది. అందుకే దాన్ని చాలామంది వాడతారు, తిట్లూ బాగానే తింటుంది.

స్పార్-హెచ్ లెక్క ఇలా ఉంటుంది. పరిస్థితిని అర్థం చేసుకోవడంలో మనిషి మామూలుగా పొరబడే అవకాశం 0.01, అంటే వందలో ఒకటి. చేసే పనిలో అయితే 0.001. దీన్ని ఎనిమిది పరిస్థితులతో గుణిస్తారు: సమయం, ఒత్తిడి, పని చిక్కుదనం, అనుభవం, రాతపూర్వక సూచనలు, పరికరాలు కనబడే తీరు, ఒంట్లో ఓపిక, సంస్థలో పని నడిచే తీరు. ఒక్కోదానికి కొన్ని స్థాయిలు, ఒక్కో స్థాయికి ఒక గుణకం ఉంటాయి. ఒత్తిడి ‘ఎక్కువ’ అంటే 2, ‘విపరీతం’ అంటే 5. పరికరాలు కనబడే తీరు ‘బాగోలేదు’ అంటే 10, ‘తప్పుదోవ పట్టిస్తుంది’ అంటే 50.

మన బాయిలర్ రాత్రికి దీన్ని వేసి చూద్దాం. స్పార్-హెచ్‌ను గుజ్జు ఫ్యాక్టరీల కోసం తయారు చేయలేదన్నది నిజమే. ఇది పనిముట్టు గుణం తెలియడానికి మాత్రమే. మొదటి విశ్లేషకుడు పని కొంచెం చిక్కుగా ఉంది, మిగతావన్నీ మామూలే అనుకున్నాడు. చిక్కుదనానికి 2 వేస్తే 0.02 వచ్చింది. రెండో అతను ఒత్తిడికి 2, గ్లాసు సరిగా కనబడదని 10 వేశాడు. 0.2 వచ్చింది. మూడో అతను నిండు గ్లాసూ ఖాళీ గ్లాసూ ఒకేలా ఉన్నాయంటే అది తప్పుదోవ పట్టించడమే కదా అని 50 వేశాడు, ఒత్తిడికి 2, చిక్కుదనానికి ఇంకో 2 వేశాడు. 0.01ని రెండు వందలతో గుణిస్తే 2 వస్తుంది. అంటే వందసార్లు చూస్తే రెండు వందల సార్లు తప్పు చేస్తాడట! ఇలాంటి చోట వాడడానికి స్పార్-హెచ్‌లోనే ఒక సవరణ సూత్రం ఉంది. చెడు పరిస్థితులు మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వాడాలి. దాంతో లెక్క 0.67కు దిగుతుంది.

అదే రాత్రి, అదే బాయిలర్, అదే ఫారం. వచ్చిన సంఖ్యలు మాత్రం 0.02, 0.2, 0.67. మొదటిదానికీ చివరిదానికీ ముప్పై మూడు రెట్లకు పైగా తేడా. ముగ్గురిలో ఎవరూ గుణకారంలో తప్పు చేయలేదు. తేడా అంతా మాటల దగ్గరే వచ్చింది. ‘బాగోలేదు’కూ ‘తప్పుదోవ పట్టిస్తుంది’కీ మధ్య గీత ఎక్కడుంది?

వాడినవాళ్ల ఫిర్యాదుల్లో మొట్టమొదటిది ఇదే. కొత్తదీ కాదు. 1980ల్లో ఇటలీలోని ఇస్ప్రా పరిశోధన కేంద్రం 15 బృందాలకు ఒకే సమస్య ఇచ్చి లెక్క కట్టమంది. ఒకే పద్ధతి వాడిన బృందాల జవాబులు కూడా పదుల రెట్లు దూరంగా వచ్చాయి. తర్వాత నార్వేలోని హాల్డెన్‌లో ఉన్న నకలు కంట్రోల్ రూమ్ (సిమ్యులేటర్)లో 14 ఆపరేటర్ల బృందాలను నిజంగా నడిపించి, వేర్వేరు పద్ధతులు ముందే చెప్పిన జోస్యాలతో పోల్చి చూశారు. అమెరికాలో ఆ తర్వాత జరిగిన అధ్యయనంలో ఒకే పద్ధతిని ఒకరికంటే ఎక్కువమందికి ఇచ్చి చూశారు. పద్ధతి ఒకటే అయినా చేసే మనిషిని బట్టి ఫలితం మారుతుందని అక్కడా తేలింది. స్పార్-హెచ్ స్థాయిలను ఎలా ఎంచుకోవాలో మెట్టుమెట్టుగా చెప్పే పుస్తకాన్ని 2011లో విడిగా తేవాల్సి వచ్చింది.

సాధారణంగా దీన్ని ‘విశ్లేషకులకు శిక్షణ చాలలేదు’ అని కొట్టిపారేస్తారు. అది సరైన జవాబు కాదు. త్రీ మైల్ ఐలాండ్ ఆపరేటర్ల మీద మొదట పడ్డ మాట కూడా అదే. ఆపరేటర్ తప్పు చేస్తే దీపం ఎలా ఉంది, సూచనలు ఎలా ఉన్నాయి, టైమ్ ఎంత ఉంది అని అడగమని చెప్పేదే హెచ్‌ఆర్‌ఏ. మరి విశ్లేషకుడు తప్పు చేసినప్పుడు? అతని ముందున్న ఫారం కూడా ఒక ప్యానెలే. అందులోని మాటలు రెండు అర్థాలకు తావిస్తుంటే ఆ ప్యానెల్ ‘బాగోలేదు’. ఏ స్థాయి ఎప్పుడు వేయాలో ఉదాహరణలు లేకపోతే సూచనలు ‘అసంపూర్ణం’. రిపోర్టు సోమవారానికి ఇవ్వాలని శుక్రవారం ఫైలు చేతిలో పెడితే సమయం ‘చాలీచాలనిది’. మూడురోజుల వర్క్‌షాపుతో పని మొదలుపెడితే అనుభవం ‘తక్కువ’. పనిముట్టును దాని సొంత ఎనిమిది ప్రశ్నలతోనే కొలిస్తే ఫిర్యాదుల్లో చాలావాటికి అక్కడే చోటు దొరుకుతుంది. వాడినవాళ్ల అభిప్రాయాలను ‘నచ్చింది, నచ్చలేదు’ అనే ఫారంగా కాకుండా ఇలా చదివితేనే వాటికి విలువ.

రెండో ఫిర్యాదు ఒకేదాన్ని పదేపదే లెక్కపెట్టడం గురించి. బాయిలర్ దగ్గర బల్బు మాడిపోయింది. గ్లాసు సరిగా కనబడలేదు, అది పరికరాల పద్దులో పడింది. కనబడక పని చిక్కు అయింది, అది చిక్కుదనంలో పడింది. చిక్కు అయి టెన్షన్ పెరిగింది, అది ఒత్తిడిలో పడింది. ఒకే బల్బు మూడుచోట్ల గుణించబడింది. మూడో విశ్లేషకుడి 2 అనే వింత సంఖ్య ఇలాగే పుట్టి ఉండొచ్చు. సవరణ సూత్రం సంఖ్యను ఒకటికి లోపల ఉంచుతుందే గానీ, బల్బు ఒకటా మూడా అని అడగదు.

సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అడిగే వాటిలో అన్నిటికంటే సాదాసీదాగా కనిపించేది ఒకటుంది: ఎందుకు అన్నది రాసుకోవడానికి చోటు. మెనూలోంచి ‘బాగోలేదు’ ఎంచుకుని నొక్కగానే సంఖ్య వస్తుంది. రెండేళ్ల తర్వాత ఇంకో ఇంజినీరు ఆ ఫైలు తెరిస్తే ‘బాగోలేదు’ అని కనబడుతుంది. గ్లాసు మసకబారిందా, బల్బు లేదా, మనిషి నిలబడే చోటు నుంచి గ్లాసు కనబడదా? ఫైలు చెప్పదు. ఈలోగా ఫ్యాక్టరీ కొత్త బల్బు పెట్టి ఉంటే పాత సంఖ్య ఉండాలా మారాలా అన్నదీ తేలదు. పెద్ద గణితం అక్కర్లేని కోరిక ఇది. అన్ని కోరికల్లోనూ ముందు తీర్చాల్సినది కూడా ఇదేననిపిస్తుంది. దీనికి ఇంకో లాభముంది. కారణం రాయాల్సి వస్తే చేయి ఆగుతుంది.

చేయి ఆగకపోతే ఏమవుతుందో తిరుమల ఘాట్ రోడ్డు చెబుతుంది. కొండ దిగే బండికి కనీసం 40 నిమిషాలు, ఎక్కే బండికి 28 నిమిషాలు పట్టాలని నిబంధన. వేగం తగ్గించడానికి పెట్టిన చక్కటి ఉపాయం, ఎందుకంటే అది ఇంజిన్‌ను కాదు, డ్రైవర్ తొందరను పట్టుకుంటుంది. అయితే మలుపుల్లో దూసుకొచ్చి, గేటుకు కొంచెం ముందు బండి ఆపి టీ తాగి కదిలినా కాగితం మీద 40 నిమిషాలు సరిపోతాయి. హెచ్‌ఆర్‌ఏలోనూ ఈ టీ బ్రేకు ఉంది. మొత్తం ప్లాంటు రిస్కు ఇంతకు మించకూడదని ముందే తెలిసినప్పుడు, ‘విపరీతం’ అన్న ఒత్తిడిని ‘ఎక్కువ’కు దించితే సంఖ్య సరిపోతుంది. దించింది ఎవరు, ఎందుకు అన్నది రాసి లేకపోతే తనిఖీ చేసేవాడికి చిక్కేదేమీ ఉండదు.

ఇక డిపెండెన్సీ, అంటే ఒక పొరపాటు ఇంకో పొరపాటును వెంట తీసుకురావడం, దగ్గరికొస్తే, కొత్తగా వాడేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బాయిలర్‌కు గేజ్ గ్లాసు ఒకటి కాదు, రెండుంటాయి. మొదటిదాన్ని చదవడంలో పొరబడే అవకాశం 0.003, రెండోదానికీ 0.003 అనుకుంటే, రెండూ తప్పే అవకాశం పది లక్షల్లో తొమ్మిది. చూడ్డానికి నిశ్చింతగా ఉంటుంది. కానీ రెండింటినీ చూసేది ఒకే మనిషి, ఒకే నిద్రమత్తులో, ఒకే మసక వెలుతురులో. మొదటిదాంట్లో ‘నిండుగా ఉంది’ అని మనసులో పడ్డాక రెండోదాంట్లోనూ నిండుగానే కనిపిస్తుంది. థెర్ప్ దీనికి ఐదు స్థాయిలు పెట్టింది. రెండు చూపుల మధ్య సంబంధం ‘ఎక్కువ’ అనుకుంటే రెండోసారి తప్పే అవకాశం 0.003 కాదు, దాదాపు సగం. రెండూ కలిపితే 0.0015. మొదటి లెక్కకు నూట అరవై రెట్లకు పైన.

ఇది కాగితం మీది భయం కాదు. త్రీ మైల్ ఐలాండ్‌లో ఆ ఉదయం, మామూలు నీటి సరఫరా ఆగితే ఆదుకోవాల్సిన సహాయక ఫీడ్‌వాటర్ లైన్ల మీది రెండు వాల్వులు మూసి ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోవాలని పెట్టినవి. రెండు రోజుల ముందు జరిగిన పరీక్ష తర్వాత రెండూ అలాగే ఉండిపోయాయని అనుమానం. ఎనిమిది నిమిషాల దాకా ఎవరూ గమనించలేదు. ఒకదాని సూచిక దీపం మీదికి మరమ్మతు ట్యాగ్ ఒకటి వేలాడుతోంది. విడివిడి పొరపాట్లయితే రెండూ ఒకేసారి పడటం చాలా అరుదు. ఒకే చేతి నుంచి వస్తే అరుదేమీ కాదు.

సంబంధం ఏ స్థాయిలో ఉందో తేల్చుకోలేక సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టి ఉన్న స్థాయిని అలాగే వదిలేయడం సులభం. అందుకే ఎన్‌ఆర్‌సీ మంచి పద్ధతుల పుస్తకం 2005లో ఒక అడ్డుకట్ట కట్టింది: ఎన్ని పొరపాట్లను కలిపి గుణించినా మొత్తం లక్షలో ఒకటి కంటే కిందికి దిగనివ్వకూడదని. అంతకంటే తక్కువ చెబుతున్నావంటే మనుషుల గురించి నీకు అంత తెలియదన్నమాట! ఈ గట్టు ఏ ఆధారంతో కట్టారని అడిగే విశ్లేషకులూ ఉన్నారు. అడగాల్సిన ప్రశ్నే గానీ, గట్టు లేకపోతే వచ్చే సంఖ్యలు చూస్తే ఉండనివ్వడమే మేలనిపిస్తుంది.

2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం జరిగాక ఇంకో చిక్కు బయటపడింది. అమెరికా ప్లాంట్లు మోసుకెళ్లగలిగే పంపులు, జనరేటర్లు తెచ్చి నిల్వ పెట్టుకున్నాయి. కరెంటు పూర్తిగా పోతే మనుషులు వాటిని ట్రక్కులకు తగిలించి లాక్కెళ్లి, గొట్టాలు బిగించి నడపాలి. పాత పనిముట్లు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషి కోసం తయారైనవి. వానలో, చీకట్లో, బురదలో గొట్టం బిగించే మనిషికి ఏ స్థాయి వేయాలి? 2020లో ఎన్‌ఆర్‌సీ బయటికి తెచ్చిన ‘ఐడియాస్-ఈసీఏ’ ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నం. ఇందులో మనిషి పనిని ఐదు భాగాలు చేశారు: గమనించడం, అర్థం చేసుకోవడం, నిర్ణయించడం, చేయడం, బృందాల మధ్య సమన్వయం. ప్రభావం చూపే పరిస్థితులు ఎనిమిది కాదు, ఇరవై. చలి, వేడి, వెలుతురు లాంటివి విడిగా ఉన్నాయి. ఒక్కో దాని కింద మళ్లీ బోలెడు లక్షణాలు. స్పార్-హెచ్‌లో ‘ఏ గడిలో వేయాలో తెలియదు’ అన్నవాళ్లకు ఇక్కడ గడులు కావలసినన్ని ఉన్నాయి. ఇప్పుడు జాబితా పొడవు చూసి నిట్టూర్చే వంతు వచ్చింది. రెండు ఫిర్యాదులూ న్యాయమైనవే. తక్కువ గడులుంటే ఊహకు చోటెక్కువ, ఎక్కువ గడులుంటే ఓపిక అయిపోతుంది. ఓపిక అయిపోయాక నింపే గడులు మళ్లీ ఊహతోనే నిండుతాయి.

ఏ జాబితాకూ చిక్కని పనులూ ఉన్నాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ లీకై, మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి దాదాపు 17 గంటలు ప్లాంటు మొత్తం కరెంటు లేకుండా ఉంది. కంట్రోల్ రూమ్‌లోకి పొగ వచ్చి ఆపరేటర్లు బయటికి రావాల్సి వచ్చింది. మంటలు ఆర్పడానికి పెట్టిన డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పెట్టి, చీకట్లో చేత్తో వాల్వులు తెరిచి, అణు చర్యను అణచే బోరాన్ ద్రావణాన్ని వదిలి వాళ్లు రియాక్టర్‌ను కాపాడారు. తప్పు చేసే అవకాశాన్ని లెక్కగట్టే ఫారంలో, అనుకోకుండా సరైన పని కనిపెట్టే మనిషికి గడి ఉండదు. కొందరు విశ్లేషకులు దీన్ని లోపమంటారు. అలాంటి తెగువను ముందే లెక్కలో జమకట్టుకుంటే అదీ ప్రమాదమే.

ఇంతవరకూ ‘వాడినవాళ్లు’ అంటే విశ్లేషకులే. ఎవరి తప్పును లెక్కగడుతున్నారో ఆ ఆపరేటర్ పనిముట్టును వాడడు, అభిప్రాయ సేకరణలో అతని పేరు రాదు. హాల్డెన్ పోలికల్లో తేలిన విషయాల్లో ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఆపరేటర్లకు కష్టం ఎక్కడ వస్తుందో కథగా అర్థం చేసుకున్న విశ్లేషణలే మెరుగ్గా నిలబడ్డాయి. ఆ కథ ఆఫీసులో దొరకదు. బాయిలర్ దగ్గరికి వెళ్లి అటెండెంటును అడిగితే, కాక్ తిప్పాలంటే నిచ్చెన ఎక్కాలని, నిచ్చెన ఎప్పుడూ పల్ప్ లైన్ దగ్గరే ఉంటుందని చెబుతాడు. ఆ ఒక్క మాట ఫారంలోని ఎనిమిది గడుల్లో మూడింటిని మార్చేస్తుంది.

చెప్పినా పైకి చేరకపోతే ఏమవుతుందో కూడా త్రీ మైల్ ఐలాండ్ కథలోనే ఉంది. దానికి ఏడాదిన్నర ముందు, 1977 సెప్టెంబరులో, ఒహాయోలోని డేవిస్-బెస్సే ప్లాంటులో అలాంటి రిలీఫ్ వాల్వే తెరుచుకుని ఉండిపోయింది. అక్కడి ఆపరేటర్లూ నీళ్లు తగ్గించారు. రియాక్టర్ తక్కువ శక్తితో నడుస్తోంది, సుమారు ఇరవై నిమిషాల్లో విషయం తెలిసింది, గండం గడిచింది. రియాక్టర్ తయారు చేసిన కంపెనీలోని ఇంజినీర్లు ఈ ప్రమాదం మళ్లీ రావచ్చని, ఆపరేటర్లకు స్పష్టంగా చెప్పాలని లోపల మెమోలు రాశారు. ఆ మాట త్రీ మైల్ ఐలాండ్ కంట్రోల్ రూమ్‌కు చేరలేదు.

ప్రమాదం తర్వాత ఎన్‌ఆర్‌సీ పెట్టిన షరతుల్లో ఒకటి దీపం గురించి. రిలీఫ్ వాల్వుకు వెళ్లిన ఆదేశాన్ని కాదు, వాల్వు నిజంగా తెరిచి ఉందో మూసి ఉందో నేరుగా చూపించే సూచిక కంట్రోల్ రూమ్‌లో ఉండాలని. స్పార్-హెచ్ ఫారంలో చూస్తే అది 50 దగ్గరున్న టిక్కును 1 దగ్గరికి జరపడం.